పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం కూడా ఆయనే ఇచ్చారు. సభ్యుల పి.పి.ఓ. కాపీలు, సర్వీసు రిజిస్టరు నకళ్లు, నామినేషన్ పత్రాలు, మన సంచిక పాత ప్రతులు అన్నీ స్కాన్ చేయించి సంఘ కార్యాలయంలో ఒకచోట భద్రపరచాలని కార్యవర్గం ఆలోచిస్తున్నది. అందుకోసం ఒక స్టోరేజి పెట్టె కొనాలని ప్రతిపాదన. డీలరు ఇచ్చిన కొటేషన్‌లో ఈ పరికరం ఓపెన్ సోర్స్ మీద తయారైనదనీ, కనుక కొన్నవారు ఏ కంపెనీకీ కట్టుబడి ఉండనవసరం లేదనీ రాశారు. అది ఎంతవరకు నిజమో చెప్పమని నాకు అప్పగించారు.

జవాబు ముందే మనవి చేస్తాను. మొదటి ముక్క నిజం. రెండో ముక్క దానంతటదే నిజం కాదు. చిక్కంతా ఆ "కనుక" దగ్గర ఉంది.

నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయినవాణ్ణి. సర్వీసులో తొమ్మిదేళ్లు రికార్డు రూములో గడిచాయి. ఆర్.డిస్. కట్టలు శాశ్వతం, ఎల్.డిస్. కట్టలు ఏడాది అని చదువుకుంటూ బతికిన రోజులవి. కాగితం బీరువాలో ఉన్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదని అక్కడే తెలిసింది. నేను బదిలీ అయి వెళ్లాక నా సీటులోకి వచ్చినవాడు ఛార్జి లిస్టు పట్టుకుని దాన్ని బయటికి తీయగలగాలి. అప్పుడే అది భద్రంగా ఉన్నట్టు. ఈ కంప్యూటరు పెట్టెలను కూడా నేను ఆ కొలతతోనే చూస్తాను. రిటైరైన తరువాత మా మనవడి దగ్గర నేర్చుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ పెట్టె ఏమిటో చూద్దాం. వాడుకలో దాన్ని నాస్ అంటారు. పాత రేడియో అంత ఉంటుంది. లోపల రెండో నాలుగో హార్డు డిస్కులు, వాటిని నడిపే ఒక చిన్న కంప్యూటరు. ఇంట్లోని వై-ఫై రౌటరుకు తగిలిస్తే అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ దానిలో ఫోటోలు, కాగితాలు దాచుకోవచ్చు. తైవాన్‌కు చెందిన సైనాలజీ, క్యూనాప్ కంపెనీల పెట్టెలు ఇందులో పేరున్నవి. మన పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో, అమెరికాలోనైనా హైదరాబాదులోనైనా, ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. మనవలు, మనవరాళ్ల అన్నప్రాశన ఫోటోలన్నీ అందులోనే ఉంటాయి.

ఈ పెట్టెలు చాలావాటిలో నడిచేది లైనక్స్. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని ప్రారంభించారు. ప్రోగ్రామును వాడుకునే హక్కుతోపాటు దాని మూలపాఠం చూసే హక్కు, మార్చుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు కూడా ఉండాలని ఆయన వాదన. దానికి చట్టబద్ధమైన రూపంగా 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు రాశారు. లైనక్స్ కూడా ఆ లైసెన్సు కిందనే, దాని రెండవ రూపం కింద, ఉంది.

ఈ లైసెన్సులోని షరతు మనబోటి ఆఫీసు మనుషులకు సులువుగానే అర్థమవుతుంది. మా ప్రోగ్రాము పెట్టెలో పెట్టి అమ్ముకో, డబ్బు తీసుకో, అభ్యంతరం లేదు. కాని కొన్నవాడు అడిగితే ఆ ప్రోగ్రాము మూలపాఠం, నువ్వు చేసిన మార్పులతో సహా, ఇచ్చి తీరాలి. ఇది ఉత్తుత్తి షరతు కాదు. 2004లో సైట్‌కామ్ అనే డచ్ కంపెనీ నెట్‌వర్కు పరికరాల్లో లైనక్స్ భాగాలు వాడి ఈ షరతు పాటించలేదని హరాల్డ్ వెల్టే అనే ప్రోగ్రామరు జర్మనీలోని మ్యూనిక్ కోర్టుకు వెళ్లారు. కోర్టు ఆయన పక్షానే ఉత్తర్వు ఇచ్చింది. కనుక పేరున్న కంపెనీలు తమ పెట్టెల్లోని జి.పి.ఎల్. భాగాల మూలపాఠం బయట పెడుతూనే ఉన్నాయి. డీలరు రాసిన మొదటి ముక్క నిజమని నేను అన్నది ఇందుకే.

అయితే వారు బయట పెట్టేది ఎంత? మన ఫైలులో రెండు భాగాలుండేవి కదా, కరెంటు ఫైలు, నోట్ ఫైలు. బయటివారికి ఉత్తరం నకలు దొరికేది. నిర్ణయం ఎలా జరిగిందో తెలిపే నోట్ ఫైలు మాత్రం సెక్షనులోనే ఉండేది. ఇక్కడా అంతే. అడుగున ఉన్న లైనక్స్ అందరిదీ. కాని మనం రోజూ చూసే తెర, ఫోటోలు సర్దే ప్రోగ్రాము, ఫోనుకు పంపే ప్రోగ్రాము, ఏ డిస్కు సరైనదో తేల్చే ప్రోగ్రాము కంపెనీ సొంతం. వాటికి లైసెన్సు షరతు వర్తించదు. కంపెనీ చేసినది చట్టవిరుద్ధమూ కాదు. మనం గ్రహించవలసింది ఒక్కటే. ఓపెన్ సోర్స్ మీద నిర్మించినది వేరు, ఓపెన్ సోర్స్ అయినది వేరు. పునాది రాయి ఊరుమ్మడి గుట్టదైనంత మాత్రాన దాని మీద కట్టిన ఇల్లు ఊరుమ్మడి కాదు.

ఇక తాళాల సంగతికి వస్తాను. నాకు నాలుగు రకాల తాళాలు కనిపించాయి.

మొదటిది, యంత్రానికే వేసే తాళం. అమెరికాలో టీవో అనే కంపెనీ టీవీ కార్యక్రమాలను డిస్కులో రికార్డు చేసే పెట్టె అమ్మేది. లోపల లైనక్స్. షరతు ప్రకారం మూలపాఠం ఇచ్చింది. కాని కొన్నవాడు దాన్ని మార్చి మళ్లీ ఆ పెట్టెలోనే ఎక్కిస్తే పెట్టె ఒప్పుకోదు. కంపెనీ ముద్ర ఉన్న ప్రోగ్రామునే నడుపుతుంది. వంట విధానం కాగితం మీద రాసిచ్చి, మన వంట మన పొయ్యి మీద చేసుకోనివ్వకపోవడం లాంటిది ఇది. ఈ పద్ధతిని అడ్డుకునేందుకే 2007లో జి.పి.ఎల్. మూడవ రూపం వచ్చింది. లైనక్స్ మాత్రం రెండవ రూపంలోనే ఉండిపోయింది. అందుచేత ఈ తాళం వేయడానికి ఇప్పటికీ చోటుంది.

రెండవది, విడిభాగాల తాళం. 2025 ఏప్రిల్‌లో సైనాలజీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఆ ఏడాది నుంచి వచ్చే ప్లస్ శ్రేణి పెట్టెల్లో తన పేరుతో అమ్మే డిస్కులు గాని, తాను ధృవీకరించిన డిస్కులు గాని వేస్తేనే అన్ని సదుపాయాలూ, కంపెనీ సహాయమూ పూర్తిగా అందుతాయన్నది. లోపల లైనక్స్ ఏమీ మారలేదు. లైనక్స్‌కు ఏ కంపెనీ డిస్కైనా ఒకటే. తాళం వేసింది పైనున్న కంపెనీ ప్రోగ్రాము. వాడేవారి నుంచి గట్టి నిరసన వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో కొత్త ప్రోగ్రాముతోపాటు మామూలు హార్డు డిస్కుల విషయంలో ఆ నిబంధన సడలించారు. సంతోషమే. కాని ఈ కథలో వేసిందీ కంపెనీయే, తీసిందీ కంపెనీయే. మూలపాఠం అందరి దగ్గరా ఉన్నా నిర్ణయం ఒకరి దగ్గరే ఉంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. పెట్టె చచ్చిపోయిన రోజున డిస్కులు మాట్లాడతాయా లేదా అన్నది. డిస్కు మీద అక్షరాలు పేర్చే పద్ధతి లైనక్స్‌లో అందరికీ తెలిసినదే అయితే, ఆ డిస్కు ఊడదీసి మామూలు కంప్యూటరుకు తగిలించి చదువుకోవచ్చు. ఇది నేను కళ్లారా చూశాను. మా అమ్మాయి ఇంట్లో రెండు డిస్కుల పెట్టె ఒకటి ఆరేళ్లు పనిచేసి కరెంటు పోటుకు కాలిపోయింది. ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు సర్వీసు సెంటరువారు. మా మనవడు ఒక డిస్కు తీసి, ఉబుంటు అనే లైనక్స్ ఉన్న పాత కంప్యూటరుకు తగిలించాడు. అరగంటలో ఫోల్డర్లన్నీ తెర మీదికి వచ్చాయి. మా అమ్మాయి పెళ్లి ఫోటోలు కూడా. ఓపెన్ సోర్స్ వల్ల లాభం ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ అరగంటే చూపిస్తాను.

అన్ని పెట్టెలూ అలా ఉండవు. మన సభ్యుడొకాయన కాలం చేసినప్పుడు, ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆయన భార్యకు పాత కాగితాలు కావలసి వచ్చాయి. ఆయన అన్నీ స్కాన్ చేసి వేరే కంపెనీ పెట్టెలో దాచారు. పెట్టె పనిచేయడం లేదు. డిస్కులు బాగానే ఉన్నాయి. కంప్యూటరుకు తగిలిస్తే డిస్కు ఉందని తెలుస్తోంది గాని లోపల ఏముందో తెలియదు. ఆ తయారీదారు లైనక్స్ పద్ధతికి తన సొంత మార్పు ఒకటి కలిపాడు. మామూలు లైనక్స్‌కు అది గుర్తు తెలియలేదు. చివరికి అదే కంపెనీ పాత పెట్టె హైదరాబాదులో సెకండ్ హ్యాండుకు దొరికితే, మూడు వారాల తరువాత కాగితాలు బయటపడ్డాయి. ఆ మూడు వారాలూ ఆమె ట్రెజరీ చుట్టూ, కంప్యూటరు షాపుల చుట్టూ తిరిగింది. ఆ పెట్టె కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలోనూ ఓపెన్ సోర్స్ అన్న మాట ఉంది. నేనే చదివాను.

నాలుగవది, పట్టించుకునేవాడు లేని తాళం. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ మై బుక్ లైవ్ అని ఒక పెట్టె అమ్మేది. అదీ లైనక్స్ మీద నడిచేదే. 2015 తరువాత దానికి మరమ్మతు ప్రోగ్రాములు రావడం ఆగిపోయింది. 2021 జూన్‌లో ఎవరో దుండగులు అందులోని లోపాలను ఆసరా చేసుకుని, ఇంటర్నెట్టుకు తగిలించి ఉన్న ఎన్నో పెట్టెలను దూరం నుంచే తుడిచేశారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫోటోలు ఒక్క రాత్రిలో పోయినవారున్నారు. వెంటనే ఇంటర్నెట్టు నుంచి ఊడదీయమని కంపెనీ చెప్పింది, తరువాత పోయిన సమాచారం వెలికి తీసే సహాయం కూడా ప్రకటించింది. మూలపాఠం పదిమంది చూడగలిగితే తప్పులు తొందరగా దొరుకుతాయనే మాట సబబే. కాని దొరికిన తప్పును సరిదిద్ది మన పెట్టెలోకి పంపేవాడు ఒకడుండాలి. ఆ పని కంపెనీ మానేస్తే మామూలు కొనుగోలుదారు చేయగలిగింది బహుతక్కువ.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. ఈ రోజు తెరిచి ఉంచిన కంపెనీ రేపు మూసేస్తే? అదీ జరిగింది. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ డిస్కుల మీద సమాచారం చెడిపోకుండా కనిపెట్టుకుని ఉండే జడ్.ఎఫ్.ఎస్. అనే గొప్ప పద్ధతి తయారుచేసి 2005లో దాని మూలపాఠాన్ని లోకానికి విడుదల చేసింది. 2008లో దాని మీదనే పెద్ద ఆఫీసులకు పనికివచ్చే స్టోరేజి యంత్రాలు అమ్మడం మొదలుపెట్టింది. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కంపెనీ కొనేసింది. ఆ ఏడాది ఆగస్టు నాటికి కొత్త మూలపాఠం బయటికి ఇవ్వడం ఆగిపోయింది. తన సొంత రచన కనుక దానికా హక్కు ఉంది.

అయితే అప్పటిదాకా ఇచ్చినదాన్ని ఎవరూ వెనక్కు తీసుకోలేకపోయారు. అందులో పనిచేసినవారే కొందరు ఆ పాఠం పట్టుకుని ఇల్యూమోస్ అనే పేరుతో పని కొనసాగించారు. 2013లో ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. అనే ఉమ్మడి పని మొదలై నేటికీ నడుస్తున్నది. ఒరాకిల్ దారి వేరైంది. దాని కొత్త రూపంలోకి మార్చిన డిస్కులను ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. తెరవలేదు. కాని మొదటి నుంచీ తెరిచిన దారిలో ఉన్నవారు ఎవరి దయా లేకుండా ముందుకు వెళ్లారు. లైసెన్సు కాగితం విలువ ఇది. ఇచ్చినవాడి మనసు మారినా, చేతులు మారినా, ఒకసారి ఇచ్చినది మన దగ్గర ఉంటుంది.

ఇదంతా విని, అయితే ఈ పెట్టెలు కొనవద్దంటావా అని మీరు అడగవచ్చు. అలా అనను. కంపెనీ పెట్టె తేలిక. బిగించి మీట నొక్కితే పనిచేస్తుంది. వారంటీ ఉంటుంది. చెడితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అందుకు డబ్బిస్తున్నాం, తప్పులేదు. పూర్తిగా తెరిచిన దారీ ఉంది. 2005లో ఫ్రాన్సుకు చెందిన ఒలివియే కొషార్-లాబె మొదలుపెట్టిన ఫ్రీనాస్ ఈనాడు ట్రూనాస్ అనే పేరుతో నడుస్తున్నది. దాన్ని ఉచితంగా దించుకుని సొంత కంప్యూటరులో వేసుకోవచ్చు. డిస్కుల మీద వాడేది ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. కనుక యంత్రం పోయినా డిస్కులు వేరే యంత్రంలోకి వెళ్తాయి. కాని దాన్ని చూసుకునే మనిషి కావాలి. మన సంఘంలో అది తెలిసినవాడు ఒక్కడే ఉండి, అతను ఊరు మారితే, ఆ తెరిచిన పెట్టె కూడా మూసిన పెట్టెతో సమానమే. వచ్చినవాడికి ఛార్జి ఇచ్చి వెళ్లని గుమాస్తా ఉంటే సీటు గతి ఏమవుతుందో మనకందరికీ తెలుసు.

ఆ దృష్టితో కార్యవర్గానికి అయిదు మనవులు చేస్తున్నాను. కొటేషను మీద సంతకం చేసేముందు డీలరును రాతపూర్వకంగా అడగవలసినవి.

ఒకటి. ఈ పెట్టె పూర్తిగా పాడైతే ఇదే కంపెనీ పెట్టె మళ్లీ కొనకుండా డిస్కులు చదివే విధానం ఉందా? ఉంటే అది కాగితం మీద రాసివ్వాలి, డబ్బు చెల్లించేముందు మన ఎదుట చేసి చూపించాలి. రెండు పత్రాలు అందులో వేసి, డిస్కు తీసి, వేరే లైనక్స్ కంప్యూటరులో తెరవమనండి. తెరుచుకుంటే కొనండి.

రెండు. బజారులో దొరికే ఏ కంపెనీ డిస్కైనా వేసుకోవచ్చా? వేస్తే ఏ సదుపాయం తగ్గుతుంది?

మూడు. మరమ్మతు ప్రోగ్రాములు ఏ సంవత్సరం దాకా వస్తాయి? ఆ తరువాత దాన్ని ఇంటర్నెట్టు నుంచి ఊడదీసి వాడుకోవచ్చా?

నాలుగు. కంపెనీలో ఖాతా తెరవకుండా, కంపెనీ సర్వరు అందుబాటులో లేకపోయినా, మన గదిలో మన పెట్టె పనిచేస్తుందా?

అయిదు. లోపల పెట్టినవన్నీ, ఫోటోల కింద రాసుకున్న పేర్లూ తేదీలతో సహా, ఒకేసారి మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకోవచ్చా?

వీటితోపాటు మనవైపు నుంచి చేయవలసిన పని రెండు ముక్కల్లో చెబుతాను. పెట్టె ఎంత తెరిచినదైనా కాగితం దాచిన రూపం మూసినదైతే ప్రయోజనం లేదు. మన సంచిక పాత సంపుటాల సంగతే చూడండి. ఆ రోజుల్లో డి.టి.పి. సెంటర్లలో ఒక్కొక్క తెలుగు సాఫ్ట్‌వేరుకు ఒక్కొక్క అక్షర సంకేతం. ఆ ఫాంటు లేకపోతే ఫైలు తెరిచినా ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే కనిపిస్తుంది. 1991లో వచ్చిన యూనికోడ్‌లోనే తెలుగుకు చోటున్నా అది మన బల్లల మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి ఇకమీదట తెలుగు రాతలన్నీ యూనికోడ్‌లోనే టైపు చేయించాలి, కాగితాలు పి.డి.ఎఫ్.లోనే దాచాలి. ఈ పి.డి.ఎఫ్. 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. భారత ప్రభుత్వం కూడా ఈ-పరిపాలనలో ఓపెన్ ప్రమాణాల విధానాన్ని 2010లోనూ, ఓపెన్ సోర్స్ విధానాన్ని 2015లోనూ ప్రకటించింది. ప్రభుత్వానికి పనికివచ్చిన జాగ్రత్త మన సంఘానికీ పనికివస్తుంది.

రెండవది, పెట్టెలో రెండు డిస్కులున్నంత మాత్రాన రెండు ప్రతులున్నట్టు కాదు. నిప్పంటుకుంటే రెండూ పోతాయి. తుడిచేస్తే రెండూ తుడుచుకుపోతాయి. ఇంకొక ప్రతి వేరే డిస్కులో, వేరే ఇంట్లో, తీగ తగిలించకుండా ఉండాలి. కోశాధికారిగారి ఇంట్లో అయితే సరిపోతుందని నా సూచన. ఆ డిస్కు పాస్‌వర్డు, తెరిచే పద్ధతి తెలుగులో ఒక కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో ఇద్దరు ఆఫీస్ బేరర్ల దగ్గర ఉంచాలి. కార్యవర్గం మారినప్పుడల్లా ఆ కవరు ఛార్జి లిస్టులో ఒక అంశంగా చేతులు మారాలి. ఏడాదికొకసారి, సర్వసభ్య సమావేశానికి ముందు, ఏదో ఒక సభ్యుడి పి.పి.ఓ. కాపీ ఆ డిస్కు నుంచి తీసి చూడాలి. రికార్డు రూము తనిఖీ లాంటిదే ఇది.

ఇంట్లోని అమ్మలకు, అక్కయ్యలకు ఒక మాట. మీవారు కాగితాలన్నీ కంప్యూటరులో ఉన్నాయి, భయం లేదంటే ఒకసారి మీ చేత తెరిపించమనండి. మీ చేతికి రాని కాగితం మీ అవసరానికి రాదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. కొటేషను వచ్చే నెల కార్యవర్గ సమావేశానికి వస్తుందట. ఈ అయిదు ప్రశ్నలు టైపు చేయించి తెచ్చాను, వారికి అందజేస్తున్నాను.